గది అలిగింది... షాటు ఆగింది!

తెర మీద నాయిక అలిగితే నాయకుడు ఓ పాట పాడి బుజ్జగిస్తాడు. మరి గదే అలిగితే? నవ్వకండి, కళ్లారా చూసిన సంగతి చెబుతున్నాను!

2023 అక్టోబరులో ఓ తెలుగు చిత్రం యూనిట్‌తో కలిసి అమెరికా వెళ్లాను. అరిజోనా రాష్ట్రంలో పేజ్ అనే చిన్న ఊరు. పక్కనే లేక్ పావెల్ జలాశయం, చుట్టూ ఎర్రరాతి కొండలు. కెమెరా ఎటు తిప్పినా అందమే! కానీ ఆ కొండల్లో మేకప్ రూమ్ ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని ఓ మోటార్ హోమ్ అద్దెకు తెచ్చారు. 2006లో రాబిన్ విలియమ్స్ నటించిన 'ఆర్.వి.' చిత్రం చూశారా? అలాంటి బండే. పడక, వంటిల్లు, స్నానాల గది అన్నీ చక్రాల మీదే.

ఈ బండికి మరో సొగసు ఉంది. ఆగిన తర్వాత మీట నొక్కితే, సోఫాతో సహా పక్కగోడ సొరుగులాగా బయటికి జరుగుతుంది. హాలు ఒక్కసారిగా విశాలమైపోతుంది. దీన్నే స్లైడ్-అవుట్ అంటారు. 1990లో న్యూమార్ అనే అమెరికన్ కంపెనీ మోటార్ హోముల్లోకి తెచ్చాక ఇది మామూలైపోయింది. ఒకటే షరతు... గది పూర్తిగా లోపలికి వస్తే తప్ప బండి కదలకూడదు.

ఆ రోజు సాయంత్రం సూర్యాస్తమయం షాట్లు తియ్యాలి. లొకేషను గంట దూరం. అనుమతి ఆ ఒక్క రోజుకే. సరిగ్గా అప్పుడే గది మొరాయించింది! కుడివైపు నాలుగంగుళాలు లోపలికొచ్చింది, ఎడమవైపు అక్కడే ఆగిపోయింది. గది వంకరగా ఇరుక్కుని కూచుంది.

మీట నొక్కినవాడు కాస్ట్యూమ్స్ అసిస్టెంటు. భీమవరం కుర్రాడు, మొదటిసారి విమానం ఎక్కి వచ్చాడు. ప్రొడక్షన్ మేనేజర్ గారు మండిపడ్డారు.

"ఏం నొక్కావురా? డ్యామేజీ కట్టమన్నారంటే నీ బేటాలో కోస్తాను!"

"ఒక్కసారే నొక్కాను సార్..." అన్నాడు కుర్రాడు. కళ్లలో నీళ్లు.

ఇక చూడండి మనవాళ్ల హడావుడి! ఒకరు మీట నొక్కుతూనే ఉన్నారు. నలుగురు బయటినుంచి గోడను నెడుతున్నారు. మేకప్ బాబాయ్ అయితే మూలసందులో వేళ్లు పెట్టి మరీ లాగుతున్నాడు.

"బాబాయ్, చెయ్యి తియ్యండి ముందు!" అని ఓ కేక వినబడింది. లోకల్ కోఆర్డినేటరు! ఫీనిక్స్‌లో స్థిరపడిన తెలుగాయన. సొంత ట్రైలర్ వేసుకుని సెలవుల్లో ఊళ్లు తిరిగే రకం. "ఈ గది కొన్ని వందల కిలోలుంటుంది. ఒక్క జర్కు వస్తే వేళ్లు మిగలవు. మీట ఎవరూ ముట్టుకోకండి!" అన్నాడు. అందరూ వెనక్కి తగ్గారు.

అద్దెకిచ్చినవాళ్లకు ఫోన్ చేస్తే మెకానిక్ రేపు ఉదయమే వస్తాడన్నారు. బ్యాటరీ వరకూ మీరే చూసుకోండని మాత్రం ఒప్పుకున్నారు. ఆయన మీటరు తీసి నా వంక చూశాడు. "మీరు రాసేవారు కదా, రాసుకోండి. ముందు చూడకూడదు, వినాలి!"

ఆయన చెప్పింది ఇదీ. మీట నొక్కితే అసలు చప్పుడే లేదా? ఫ్యూజో, స్విచ్చో, తెగిన వైరో చూడాలి. కొన్ని బండ్లలో పార్కింగ్ బ్రేకు వెయ్యకపోయినా గది కదలదు. మోటారు జోరుగా తిరుగుతోంది, గది మాత్రం కదలట్లేదా? పళ్లచక్రమో, పిన్నో విరిగినట్టు. నీరసంగా మూలుగుతోందా? కరెంటు చాలట్లేదు. ఒకవైపు వచ్చి రెండోవైపు రాలేదంటే ఏదన్నా అడ్డుపడి ఉండాలి, లేదా రెండు మోటార్ల జత తప్పి ఉండాలి. ఈ బండిలో గదికి అటొకటి ఇటొకటి మోటార్లు. రెండూ సమంగా నడిచేలా ఓ కంట్రోలరు లెక్క చూస్తుంది. లెక్క తప్పితే రెంటినీ ఆపేస్తుంది.

సోఫా కిందా, గది పైకప్పు మీదా వెతికాం. అడ్డేమీ లేదు. ఒక్కసారి మీట నొక్కించి విన్నాడు. నీరసపు మూలుగు!

"అయితే బ్యాటరీ పోయినట్టే" అన్నారు మేనేజర్ గారు.

మెట్టు కింద బ్యాటరీకి మీటరు పెడితే 12.5 వోల్టులు. భేషుగ్గా ఉంది! కానీ ఆయన తృప్తి పడలేదు. "కూచున్న మనిషి నాడి చూస్తే ఏం తెలుస్తుందండీ? మెట్లెక్కించి చూడాలి." మళ్లీ మీట నొక్కించాడు. బ్యాటరీ 12 దాటే ఉంది. అంటే నేరం బ్యాటరీది కాదు. ఈసారి మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ కొమ్ము మీద, రెండో కొస బండి ఇనుప చట్రం మీద పెట్టాడు. మీట నొక్కితే అక్కడ దాదాపు సున్నా రావాలట. రెండు వోల్టులు దాటింది!

"దొంగ దొరికాడు!" అన్నాడు.

నెగటివ్ వైరు బిగించే క్లాంపు తెరిచి చూస్తే లోపలంతా తెల్లటి చిలుము. నెలల తరబడి పేరుకున్నది. ఆ చిలుము దాటి వచ్చే కరెంటుతో మోటార్లు నీరసించాయి. పైగా ఎడమ పట్టాలో ఎర్ర ఇసుక చేరింది, అటువైపు బరువు ఎక్కువై ముందు అది ఆగిపోయింది.

ఇంజను, చార్జరు ఆపి, నెగటివ్ వైరు ముందు విప్పాడు. మన వంటమాస్టారు బజ్జీల కోసం తెచ్చుకున్న తినేసోడా నీళ్లలో కలిపారు. మేకప్ బాబాయ్ పాత టూత్‌బ్రష్షు దానం చేశాడు. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకుండా జాగ్రత్తగా తోమి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించారు. పట్టాల్లోని ఇసుకంతా పొడి కుంచెతో దులిపారు.

గదిని వెంటనే లోపలికి లాగలేదు సుమండీ! ముందు పూర్తిగా బయటికి పంపి, రెండు మోటార్లూ వాటంతటవే ఆగేదాకా మీట వదల్లేదు. అలా జత కలిశాక లోపలికి నొక్కితే... పెళ్లికూతురు పీటల మీదికి వచ్చినట్టు వచ్చింది గది!

మీట నొక్కింది ఎవరనుకున్నారు? ఆ భీమవరం కుర్రాడే! కోఆర్డినేటర్ గారు వాడినే పిలిచి నొక్కించారు.

లొకేషను చేరేసరికి సూర్యుడు కొండ అంచున ఉన్నాడు. మూడు షాట్లు అనుకున్నారు, ఒకటే దొరికింది. మేనేజర్ గారు క్షమాపణలు చెప్పే మనిషి కాదు. రాత్రి ఫ్లాస్కు విప్పి మొదటి కప్పు కుర్రాడి చేతికిచ్చి, "తాగరా" అన్నారు. అంతే.

మన హైదరాబాదు షూటింగుల్లోనూ కారవాన్లకు కొదవలేదు. ఏదన్నా చెడితే చివరగా ముట్టుకున్నవాడి మీద పడటం మనకి అలవాటు. నొక్కిన చెయ్యి అందరికీ కనిపిస్తుంది మరి, లోపలి చిలుము కనపడాలంటే క్లాంపు విప్పాలి. ఈసారి మీ ఇంట్లో మిక్సీ ఆగిపోయినప్పుడు తమ్ముణ్ణి తిట్టేముందు ఓ క్షణం చెవి పెట్టి వినండి. ఏమంటారు?

వచ్చేవారం మరో కబురుతో కలుద్దాం!