ఎండలో నిలబెట్టిన రాజు

1907 అనగానే కళాచరిత్ర పికాసో దగ్గర ఆగిపోతుంది. ఆ ఏడే ఆయన పారిస్‌లో ‘అవిన్యో యువతులు’ వేశాడు కాబట్టి ఆగడం న్యాయమే. కానీ అదే వేసవిలో, స్పెయిన్‌లో సెగోవియా దగ్గరి లా గ్రాంహా రాజోద్యానంలో, వలెన్సియా చిత్రకారుడు హొవాకీన్ సొరోయా ఇరవై ఒక్కేళ్ల రాజు పదమూడో అల్ఫోన్సోను హుస్సార్ అశ్వికదళ దుస్తుల్లో ఆరుబయట నిలబెట్టి నిలువెత్తు చిత్రం వేశాడు. దాని ఊసు ఎత్తేవాళ్లు ఎందరు?

‘రాజుగారి బొమ్మే కదా, దర్బారు పని’ అని పక్కన పెట్టేస్తారు. ఈ మాటే నాకు మింగుడుపడదు. పాతకాలపు స్పెయిన్ దర్బారు చిత్రకారుడు వెలాస్కెజ్ అంతటివాడు రాజులను గుర్రాల మీద, వేటదుస్తుల్లో కొండల ముందు చూపించాడు గానీ, వాళ్ల ముఖాల మీది వెలుగు చాలావరకు గదిలోదే. సొరోయా నిజం ఎండనే నమ్ముకున్నాడు. ఆకుల సందుల్లోంచి జారిన వెలుగు ఎర్రకోటు మీద మచ్చలు మచ్చలుగా పడింది. పడినచోట ఎరుపు మండింది, పక్కనే నీడలో చల్లబడింది. బంగారు జరీని పోగుపోగునా చెక్కుతూ కూర్చోలేదాయన. చెట్టుకింద ఎండ ఎవరి కోసమూ ఆగదు, రాజు కోసమైనా సరే. ఆ తొందర కుంచె విసురులో కనిపిస్తుంది. వలెన్సియా తీరంలో బెస్తపిల్లల తడి ఒళ్ల మీద ఆడిన చెయ్యే ఇదీ. రాజని తేడా చూపలేదు. దీన్ని ముఖస్తుతి అని ఎలా అంటారు?

ఆ రాజు 1923లో నియంతృత్వానికి తలూపాడు, 1931లో దేశం విడిచాడు. నిజమే. దానికి జవాబు చెప్పుకోవలసినవాడు రాజు, చిత్రకారుడు కాదు. సొరోయా ఆ 1923లోనే కన్నుమూశాడు, అప్పటికి మూడేళ్లుగా పక్షవాతంతో కుంచె పట్టలేని స్థితిలో ఉండి.

1909లో న్యూయార్క్‌లో ఆయన ప్రదర్శనకు నెలరోజుల్లో లక్షన్నరకు పైగా జనం వచ్చారు. అంతటి పేరు తర్వాత సముద్రతీరపు బొమ్మలకే కుదించుకుపోయింది. ఆయన అభిమానులూ అంతే, అలలు చూసి మురిసి ఈ తోటను దాటేస్తారు.

పికాసోను తీసెయ్యమని ఎవరూ అడగడం లేదు. 1907 గురించి రాసే పుటలో, ఆ పక్కనే ఈ చిత్రాన్నీ అచ్చువెయ్యండి. తపాలాబిళ్లంత చేసి కాదు, ఎండమచ్చలు విడివిడిగా కనిపించేంత పెద్దదిగా, ఆ ఎరుపు చెడకుండా.