వేదాంత కళాశాల ముగించుకొని వచ్చిన బిడ్డ ఎక్కడికి వెళ్ళాలి?

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, మావాడు సేవకు సమర్పించుకున్నానంటున్నాడు. పంపించమంటారా? పంపిస్తే వాడి బ్రతుకు ఎలా గడుస్తుంది?" ఇలా అడిగేవారికి విశ్వాసం చాలదని తీసిపారేసే పెద్దలు కొందరున్నారు. మేము అలా అనము. కూలికి వెళ్ళి బిడ్డను చదివించిన తల్లికి ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది. "అంతా దేవుడే చూసుకుంటాడమ్మా" అని ఒక్క ముక్కలో చెప్పి ఆమెను ఇంటికి పంపడం సంఘము చేయదగిన పని కాదు. అందుకే ఈ నెల ఈ పుటను ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

మన తాతల కాలంలో కాపరి ఎలా బ్రతికాడో ముందు జ్ఞాపకం చేసుకుందాం. 1842లో హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చారు. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ లెక్క మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ మరునాటి నుండి ఆ ఊళ్ళను ఎవరు చూసుకున్నారన్నది మాత్రం అంతగా చెప్పుకోము. దొరలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మందే. పల్లె పల్లెకు నిలిచింది మన ఉపదేశి. పగలు బడిపంతులు, సాయంత్రం ప్రార్థన నడిపేవాడు, రాత్రి దస్తావేజు చదివి పెట్టేవాడు, జబ్బు చేస్తే చీటీ రాసి మిషన్ ఆసుపత్రికి పంపేవాడు, అన్నీ ఆయనే. అంటే మన పల్లె కాపరి మొదటినుండి రెండు పనులు చేసినవాడే. ఆయన జీతంలో బడి భాగం ఎంతో, గుడి భాగం ఎంతో ఎవరూ గీత గీసి చూడలేదు.

మిగిలినది పల్లె పెట్టింది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా స్త్రీలు పిడికెడు బియ్యం వేరే కుండలో వేసి ఆదివారం గుడికి తెచ్చేవారు. కోతపండుగకు ధాన్యం, కోళ్ళు, గుమ్మడికాయలు వచ్చేవి, వాటిని వేలం పాడేవారు. దోర్నకల్ బిషప్పు వి.యస్. అజరయ్యగారు 1912లో బిషప్పుగా అభిషేకం పొందిన నాటినుండి 1945లో కన్నుమూసేవరకు సంఘము తన కాపరిని తానే పోషించుకోవాలని బోధిస్తూనే వచ్చారు. బీదవాడు ఇవ్వలేడనడం బీదవాణ్ణి చిన్నబుచ్చడమేనని ఆయన పని చూస్తే తెలుస్తుంది.

మరి ఆ ఏర్పాటు ఎక్కడ సడలింది? భక్తి తగ్గిందని ప్రసంగాల్లో చెప్పడం సులువు. మాకు మాత్రం వరికోత మిషను కూడా కనిపిస్తుంది. కోత కూలి గింజల్లో ఇచ్చినంతకాలం ఇంట్లో గాదె ఉండేది, గాదె ఉన్నచోట పిడికెడు బియ్యం ఉండేది. మిషను వచ్చాక కోత కూలి పోయింది. ఇప్పుడు ఇంట్లో ఉన్నది రేషను బియ్యం, చేతిలో ఉన్నది రోజుకూలి డబ్బు, అదీ పని దొరికిన రోజునే. చదువుకున్న పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, గల్ఫులో ఉన్నారు. వారి కానుకలు వారున్న చోట సంఘానికి వెళ్తాయి. అది సహజమే. గుడిలో దశమభాగం క్రమంగా ఇచ్చినవారు మిషన్ బడుల పంతుళ్ళు. ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అయినా ఏళ్ళ తరబడి నింపలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ బడుల సిబ్బందిని ప్రభుత్వంలోకి తీసుకునే ఉత్తర్వులు వచ్చాయి. ఇలా పాస్టరేట్‌కు ఆధారంగా నిలిచిన స్తంభాలు ఒక్కొక్కటే కదిలాయి.

ఊళ్ళో ఆరాధన మాత్రం ఆగలేదు. ఒక్క పల్లెలో రెండు మూడు స్వతంత్ర సంఘాలు లేచాయి, మైకులూ వినబడుతున్నాయి. తగ్గింది పాత తరహా పాస్టరేట్. ఏడెనిమిది ఊళ్ళను కలిపి ఒక పాస్టరుగారికి అప్పగించి, నెలకు ఒక్కసారి సంస్కారపు ఆరాధన అందే పద్ధతిలో, పాస్టరుగారి మోటారు సైకిలుకు పెట్రోలు ఎవరిస్తారన్నదే కమిటీలో పెద్ద చర్చ అవుతోంది. ఇలాంటి చోటికి ఇరవై ఆరేళ్ళ యువకుణ్ణి పంపుతున్నాం. వాడి దారులేమిటో విప్పి చెప్పవలసిన బాధ్యత మనదే.

మొదటి సంగతి చదువు. 1964లో రాజమండ్రిలో మొదలై తరువాత హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల వంటి చోట్ల ఇచ్చే బి.డి. పట్టా శ్రీరాంపూర్ సెనేట్‌ది. ఎంతో కష్టపడి సంపాదించే పట్టా అది. ఐతే ఉద్యోగ ప్రకటనల్లో అడిగే డిగ్రీ లెక్కకు అది అన్నిచోట్లా రాదు. కాబట్టి ఇంటర్ పాసై ఉత్సాహంతో ఉన్న కుర్రవాడికి మా సలహా ఒక్కటే. ముందు బి.ఏ.యో, బి.యస్సీయో, బి.కాం.మో పూర్తి చెయ్యి నాయనా. వీలైతే బి.ఇడి. కూడా. పిలుపు నిజమైనదైతే మూడేళ్ళకు చల్లారిపోదు. ఆ మూడేళ్ళు ఆదివారపు బడి నడిపి చూడు, పిల్లలు నీ మాట వింటున్నారో లేదో నీకే తెలుస్తుంది.

చేతిపనితో సేవ చేయడం తక్కువతనమని కొందరి అభిప్రాయం. "ఫుల్ టైమ్ సేవకుడు" అన్న మాటకు మన సంఘాల్లో ఎందుకింత మోజో మాకు అర్థం కాదు. పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో ఉంది. ఇంగ్లండులో 1960లో సౌత్‌వార్క్ డయాసిస్ ఉద్యోగం మానకుండానే గురువిద్య నేర్చుకొనే కోర్సు పెట్టింది. ఫ్రాన్సులో 1940లలో కొందరు కతోలిక గురువులు ఫ్యాక్టరీలలో కూలీలుగా చేరారు. 1954లో రోము ఆ పని ఆపించింది, 1965లో మళ్ళీ అనుమతించింది. అంత దూరం ఎందుకు, మన ఉపదేశి చేసింది అదే కదా. ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతూనో, మందుల షాపు నడుపుతూనో, రెండెకరాలు సాగుచేస్తూనో ఒక ఊరి సంఘాన్ని కాయవచ్చు. ఒక్క జాగ్రత్త. ప్రభుత్వోద్యోగికి సర్వీసు నిబంధనల ప్రకారం మరో జీతపు పని కుదరదు. జీతం లేకుండా వాక్యం చెప్పేదీ, పాస్టరేట్ నుండి జీతం తీసుకొనేదీ ఒకటి కావు. ముందే తెలుసుకొని దిగాలి.

ఇక్కడే ఇంకొక మాట. గొంతు తగ్గించి మాట్లాడుకొనే మాట ఇది, మేము పైకే అంటున్నాము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులపు హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా ఇచ్చారు. మనకు లేదు. మనవారికి బి.సి.-సి కింద దక్కేది ఒక్క శాతం. ఇది అన్యాయమని మన సంఘాలు దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నాయి, అడగాలి కూడా. ఐతే గురువుగా అభిషేకం పొందబోయే యువకుడు ఏ సర్టిఫికెట్‌తో ఏ దరఖాస్తు పెట్టబోతున్నాడో అభిషేకానికి ముందే ఇంట్లో కూర్చొని తేల్చుకోవాలి. బలిపీఠం ముందు ఒక పేరు, తహసీల్దారు ముందు ఇంకొక పేరు పెట్టుకొని తిరిగేవాడి నిద్ర ఎలాంటిదో చాలామందికి తెలుసు. చట్టం కఠినమైనదే. కాని ఆ భారం తల్లిదండ్రులు బిడ్డ మీద తెలియకుండా మోపకూడదు.

పాస్టరేట్ కాక ఇతర పరిచర్యలున్నాయి. మాకు ఎక్కువ ఆశ కలిగించేది ఆసుపత్రి పరిచర్య. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో రోగుల మధ్య పనిచేయడానికి సేవకులకు శిక్షణ ఇస్తారు. ఆపరేషనుకు ముందురోజు రాత్రి మంచం పక్కన కూర్చోవడం, బిల్లు కట్టే కిటికీ దగ్గర ఏడుస్తున్న భర్తతో నిలబడడం, కొన్నిసార్లు ఏమీ మాట్లాడకుండా ఉండడం, ఇవన్నీ నేర్చుకోవలసిన పనులే. మన మిషన్ ఆసుపత్రులు చాలావరకు చిక్కిపోయాయి, కొన్ని మూతపడ్డాయి, కాబట్టి అక్కడ పోస్టులు ఎక్కువ ఉండవు. ఐనా ఈ విద్య వృథా కాదు. తాగుడు, అప్పులు, పరీక్ష తప్పిన పిల్లల నిరాశ, ఇవి లేని పల్లె ఏది? తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించడంతోపాటు డాక్టరు దగ్గరకు ఎప్పుడు పంపాలో తెలిసిన పాస్టరు మనకు కావాలి.

బోధన మీద మనసున్నవారు యం.టిహెచ్. చదివి వేదాంత కళాశాలల్లో చేరవచ్చు. సీట్లు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. విదేశాలలోని తెలుగు సంఘాల సంగతి కూడా అడుగుతుంటారు. వెళ్ళేవారు వెళ్ళవచ్చు గాని, వీసా కోసం పిలుపు వినేవాణ్ణి పంపించే సంఘము తనను తానే మోసగించుకుంటుంది. సొంత సంఘము పెట్టుకొనేవారిని మేము తప్పుపట్టము. అడిగే పై అధికారి లేనిచోట పద్దు పుస్తకం చూసే నలుగురు పెద్దలనైనా మొదటిరోజే పెట్టుకొమ్మని మాత్రం చెబుతాము. గుడి స్థలం పాస్టరు పేరున రాయించడంతో మొదలైన తగాదాలు కోర్టుల్లో ఎంత కాలం నడుస్తాయో చెప్పనక్కరలేదు.

కుమార్తెల మాట మరచిపోకండి. 2013లో ఇ. పుష్పలలితగారు నంద్యాల డయాసిస్‌కు బిషప్పుగా అభిషేకం పొంది, దక్షిణ ఇండియా సంఘములో ఆ పదవికి వచ్చిన తొలి మహిళ అయ్యారు. ఐనా ఈనాటికీ బి.డి. చదివిన అమ్మాయిని "ఆదివారపు బడి చూసుకోమ్మా" అని పక్కన కూర్చోబెట్టే పాస్టరేట్లున్నాయి. నాలుగేళ్ళు గ్రీకు చదివిన బిడ్డకు రంగు పెన్సిళ్ళు ఇచ్చి పంపడం మనకే నష్టం.

చివరగా పెళ్ళి సంగతి, ఎందుకంటే ఈ ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి. పాస్టరుకు పిల్లనిచ్చేవారు ఇదివరకు గౌరవం చూసి ఇచ్చేవారు. ఇప్పుడు బదిలీలు చూస్తున్నారు. అమ్మాయి నర్సో, టీచరో అయి ఉంటే, మూడు నాలుగేళ్ళకోసారి భర్తను ఇంకో పాస్టరేట్‌కు మార్చినప్పుడు ఆమె ఉద్యోగం మానాలా, వేరే కాపురం పెట్టాలా? అమ్మగారంటే స్త్రీల కూటం నడిపి, వచ్చినవారికి కాఫీ ఇచ్చే మనిషని అనుకునే సంఘాలు ఆమె జీతం మీదే ఆ ఇల్లు నడుస్తోందని గమనించడం లేదు. పాస్టరేట్ కమిటీ వారికి మా మనవి ఇది. కొత్త పాస్టరుగారు వచ్చే ముందు పార్సనేజి పైకప్పు, నీళ్ళు, మరుగుదొడ్డి చూడండి. జీతం నెల ఏ తేదీన ఇవ్వగలరో కాగితం మీద రాసివ్వండి. ప్రావిడెంటు ఫండు జమ అవుతుందో లేదో డయాసిస్ ఆఫీసులో అడగండి. అమ్మగారు పనిచేసే ఊరు ఎంత దూరమో, అక్కడికి ఉదయం బస్సు ఉందో లేదో కూడా ఒకరు కనుక్కోండి.