మార్గదర్శియు నుపాధ్యాయుడును

ఒక పట్టణమును పుస్తకములో జదువుట వేఱు, కాలినడకను జూచుట వేఱు. ఇటలీ దేశపు వాయవ్య తీరమందలి జెనోవా నగరము పూర్వము గొప్ప ఓడరేవు, స్వతంత్ర రాజ్యము. కొండలకును సముద్రమునకును నడుమ నిమిడియున్నందున పాతపట్టణపు సందులు మిక్కిలి యిఱుకు. పెక్కింట బండ్లు పోవుటకు వీలు లేదు. కావున యాత్రికులు కొందఱు గూడి, త్రోవ జూపువారి వెంట నడచుచు నగరమును జూచుట యచ్చటి వాడుక. అట్టి నడకలో నేనును బాల్గొంటిని. మాకు త్రోవ చూపిన స్త్రీ మాటలాడిన తీరు ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును అనుసరింపదగినదని నా యభిప్రాయము.

మొదట నామె మమ్ము పోర్తా సొప్రానా అను కోటగుమ్మమునొద్దకు గొనిపోయెను. జంట బురుజులు గల యా ద్వారము ఫ్రెడరిక్ బార్బరోస్సా చక్రవర్తి దండెత్తునను భయముచేత 1155 ప్రాంతమున గట్టిన ప్రాకారములోనిది. దాని చెంతనే చిన్న యిల్లొకటి కలదు. అది కొలంబసు ఇల్లని విని మేమందఱము ఛాయాపటములు దీసికొనుచుండగా నామె, “కొలంబసు బాల్యమున నీ తావున నివసించెననుటకు పత్రములు గలవు. కాని 1684లో ఫ్రెంచి నౌకాదళము ఫిరంగులతో నగరమును గొట్టినప్పుడు ఆ యిల్లు పాడైనది. మీరు చూచుచున్నది తరువాత మరల గట్టినది” అనెను. కొందఱి ముఖములు చిన్నబోయెను. నాకు మాత్ర మామెపై గౌరవము కలిగెను.

పిమ్మట సన్ లొరెంజో ప్రధాన దేవాలయమునకు బోతిమి. నలుపు తెలుపు రాళ్ల చాళ్లతో నలంకరింపబడిన యీ యాలయము 1118లో ప్రతిష్ఠింపబడినది. దాని ధనాగారమున ఆకుపచ్చని పాత్ర యొకటి కలదు. 1101లో కైసరయ పట్టణమును గొల్లగొట్టినప్పుడు జెనోవావారు దానిని దెచ్చిరి. అది మరకతమణితో జేసినదనియు, ప్రభువు కడరాత్రి భోజనమున వాడిన పాత్ర యనియు శతాబ్దములు నమ్మిరి. నెపోలియను కాలమున పారిసునకు గొనిపోబడి, 1816లో తిరిగి వచ్చునప్పటికి ముక్కలై యుండెను. అది వట్టి గాజని తేలినది. నిలుకడమీద నిజము తెలియునని మన పెద్దలన్నది యిట్టి వాని గూర్చియే గదా! అయినను జెనోవావారు దానిని దాచివేయలేదు. ముక్కల నతికి, ఇది గాజని చెప్పియే చూపుచున్నారు.

ఆ యాలయమందే పెద్ద ఫిరంగి గుండొకటి నిలిపియున్నది. 1941 ఫిబ్రవరి 9వ తేదీన బ్రిటిషు యుద్ధనౌకలు నగరముపై గాల్పులు జరిపినప్పుడు ఆలయములో బడియు బేలని గుండు కథను అది చెప్పుచున్నది. క్రీస్తు నామము ధరించిన యొక దేశపు గుండు మఱియొక క్రైస్తవ దేశపు ఆలయములో బడెను. ఆమె దీనిని గూడ దాచక, ఎవరిని దూషింపక చెప్పెను.

కడపట రేవు నొద్దనున్న సన్ జార్జియో భవనము చేరితిమి. ఇది 1260లో గట్టబడినది. వెనీసు నగరముతో జరిగిన యుద్ధమున జెనోవావారికి జిక్కిన మార్కోపోలో యిచ్చట చెఱలో నుండెనని జనశ్రుతి. 1298లో ఆయన తన యాత్రలను తోటి బందీయైన పీసా వాడగు రుస్తికెల్లోకు జెప్పి వ్రాయించెను. అందులో మన ఆంధ్రతీరపు మోటుపల్లియు గలదు. సాలెగూటివంటి సన్నని వస్త్రములను, వజ్రములను, న్యాయముతో బాలించు రాణిని ఆయన మెచ్చుకొనెను. ఆ రాణి రుద్రమదేవి. కాని యామెను ముందటి రాజు భార్యగా జెప్పెను. ఆమె గణపతిదేవుని కుమార్తె యని మన శాసనములు తెలుపుచున్నవి. లోకప్రసిద్ధుడైన యాత్రికుని మాటనైనను సరిచూడక తప్పదని నాకు దోచెను.

ఇక నా తప్పు నొకటి యొప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట తరగతిలో నొక బాలుడు లేచి, “అయ్యగారూ, అమెరికాలో మనుష్యులు ముందే యుండగా కొలంబసు దానిని గనుగొనెననుట యెట్లు?” అని యడిగెను. పరీక్షలు దగ్గఱ నుండినందున నేను, “పుస్తకములో నున్నది వ్రాయుము, చాలును” అని కూర్చుండబెట్టితిని. ఆ యేడాది పొడుగున ఆ బాలుడు మరల నేమియు నడుగలేదు. వానికి మార్కులు వచ్చినవి. కాని నేను వానియొద్దనుండి దీసికొన్నది మార్కులకంటె విలువైనది. కొలంబసు ఇంటి ముంగిట నాకా బాలుని ముఖమే జ్ఞప్తికి వచ్చెను.

ఇట్లు ప్రతిదానిని ప్రశ్నింపనిచ్చిన పిల్లలకు పెద్దలయందు భక్తి తగ్గునని కొందఱందురు. నాకట్లు తోచదు. గాజును గాజని చెప్పినందున ఆ దేవాలయమున కేమి కొదువ కలిగినది? ప్రార్థనలు జరుగుచునే యున్నవి. పిల్లలకు నిజముగా హాని చేయునది వేఱొకటి కలదు: మనము మణియని చెప్పినది గాజని వారు పెద్దవారైన పిమ్మట పరులవలన దెలిసికొనుట. అప్పుడు వారు గాజుతో పాటు మనము చెప్పిన మంచి మాటలను గూడ బాఱవేయుదురు.

కావున నా మనవి యిది. ఉపాధ్యాయులారా, ‘ఇది రూఢి’, ‘ఇది జనశ్రుతి’, ‘ఇది నాకు దెలియదు’ అను మూడు మాటలను వేఱువేఱుగా బలుకుటకు వెనుదీయకుడు. తల్లిదండ్రులారా, ఇంట బిడ్డ ‘ఎట్లు తెలియును?’ అని యడిగిన దానిని ధిక్కారముగా నెంచకుడు. విద్యార్థులారా, వినయముతో నడుగుడు. జవాబు దొరకువఱకు నడుగుడు. నాడు నేను గూర్చుండబెట్టిన బాలుడు ఈ పుటను జదువునేని, వాని ప్రశ్న సరియైనదే యని యిప్పుడైనను జెప్పుచున్నాను.