గ్యాప్‌ని దాచకండి... చెప్పడం నేర్చుకోండి

పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట మెట్రో స్టేషన్ దాకా నడిచి చూడండి. తలెత్తితే బోర్డులే. పైథాన్, జావా, డేటా సైన్స్, డెవాప్స్, ముప్ఫై రోజుల్లో ఇంగ్లిష్. మైత్రీవనం దగ్గరికి వచ్చేసరికి చేతిలో నాలుగు పాంప్లెట్లు పడతాయి. ఇవన్నీ బోర్డు పెట్టి అమ్మే కోర్సులు. బోర్డు లేకుండా అమ్మే సరుకు ఇంకోటి ఉంది. ఫేక్ ఎక్స్‌పీరియన్స్! "మీకు రెండేళ్ల గ్యాప్ ఉంది కదా, దాన్ని మూడేళ్ల అనుభవం చేసేద్దాం. ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ మేమే ఇస్తాం" అంటారు. ఇంట్లోవాళ్లు పంపిన డబ్బులు అలా కూడా ఖర్చవుతున్నాయి.

దీన్ని కొనేవాళ్లంతా మోసగాళ్లేం కాదు. చాలామంది భయపడినవాళ్లు. వాళ్ల భయమంతా ఇంటర్వ్యూలో ఎదురయ్యే ఒకే ఒక్క ప్రశ్న గురించి: "డిగ్రీ అయిపోయి రెండేళ్లయింది, ఇన్నాళ్లూ ఏం చేశారు?" ఆ ప్రశ్నకి జవాబు లేదనుకోవడం వల్లే అబద్ధాన్ని డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. గ్యాప్ ఉండటం తప్పు కాదు. ఆ గ్యాప్‌లో ఏం జరిగిందో చెప్పుకోలేకపోవడమే అసలు సమస్య. దీనికి నేను తీసుకునే ఉదాహరణ ఏ స్టార్టప్ ఫౌండరో కాదు, మన హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఒక ఇంగ్లిష్ ప్రొఫెసర్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికీ ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కీ ఏంటి సంబంధం అంటారా? ముందు ఆయన రెజ్యూమే చూడండి.

హెచ్ఆర్ కళ్లతో చూస్తే...

పేరు శివ్ కె. కుమార్. 1921లో లాహోర్‌లో పుట్టారు. అక్కడే చదువుకుని 1943లో ఎంఏ ఇంగ్లిష్ పూర్తి చేశారు. లాహోర్ డీఏవీ కాలేజీలో లెక్చరర్‌గా చేరారు. ఇక్కడిదాకా లైన్ సాఫీగానే ఉంది. 1947లో దేశ విభజన. పుట్టిన ఊరు పరాయి దేశమైపోయింది. ఢిల్లీకి వచ్చి మళ్లీ మొదలుపెట్టారు. హన్స్‌రాజ్ కాలేజీలో పాఠాలు చెప్పారు, ఆల్ ఇండియా రేడియోలో ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా చేశారు. 1950లో ఇవన్నీ వదిలి చదువుకోడానికి కేంబ్రిడ్జ్ వెళ్లారు. డాక్టరేట్ వచ్చేసరికి 1956. అంటే ఎంఏకీ పీహెచ్‌డీకీ మధ్య పదమూడేళ్లు!

ఇవాళ్టి హెచ్ఆర్ చేతిలో ఈ కాగితం పెడితే ఏమంటారు? "కెరీర్‌లో నిలకడ లేదు. ఊళ్లు మారారు, రంగం మారారు, ముప్ఫై దాటాక కూడా స్టూడెంటే" అంటారు. స్క్రీనింగ్ సాఫ్ట్‌వేర్ అయితే ఆ మాట కూడా అనకుండా పక్కన పడేస్తుంది.

తర్వాత ఏం జరిగిందో చూడండి. హైదరాబాద్ వచ్చి ఉస్మానియాలో ఇంగ్లిష్ విభాగాన్ని నడిపించారు. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పుట్టింది. మొదట్లో అది నడిచింది గచ్చిబౌలిలో కాదు, అబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో. ఆ తొలినాళ్ల యూనివర్సిటీలోనూ ఆయన ఇంగ్లిష్ ప్రొఫెసర్. 1980లో రిటైరయ్యారు.

మరి రచయితగా? మొదటి కవితల పుస్తకం 'ఆర్టిక్యులేట్ సైలెన్సెస్' వచ్చింది 1970లో, యాభై దగ్గరపడ్డాక. 'ట్రాప్‌ఫాల్స్ ఇన్ ది స్కై' అనే కవితా సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1987లో వచ్చింది, రిటైరైన ఏడేళ్లకి. 2001లో పద్మభూషణ్. తొంభై ఏళ్ల వయసులో మహాభారతాన్ని ఇంగ్లిష్‌లో తిరిగి చెప్పారు. 2017 మార్చి 1న, 95 ఏళ్ల వయసులో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు.

ఇరవై నాలుగేళ్లకే "నా పని అయిపోయింది" అనుకుంటున్న మీరు ఈ అంకెలు ఇంకోసారి చదవండి. అయితే "ఆలస్యమైనా పర్లేదు" అని చెప్పడానికి మాత్రమే నేను ఈయన పేరెత్తలేదు. అసలు కారణం ఆయన పీహెచ్‌డీలో ఉంది.

చక్కెర కరిగేదాకా

కుమార్ పరిశోధన చేసింది కాలం గురించి. హెన్రీ బెర్గ్‌సన్ అని ఫ్రాన్స్ తత్వవేత్త. ఆయన కాలాన్ని రెండు రకాలుగా చూశాడు. ఒకటి గడియారం చూపించే కాలం. నిమిషాలన్నీ ఒకే కొలత, ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు ఉంటాయి. రెండోది మనిషి లోపల గడిచే కాలం. అందులో నిన్నటిది ఇవాళ్టిలో కలిసిపోయి ఉంటుంది, దాన్ని ముక్కలుగా కొయ్యలేం. బెర్గ్‌సన్ చెప్పిన ఒక చిన్న ఉదాహరణ చాలా పేరు పొందింది. నీళ్లలో చక్కెర వేశాక అది కరిగేదాకా మనం ఆగాల్సిందే. ఇంట్లో నిమ్మరసం కలిపేటప్పుడు చూడండి. గడియారంలో అది ఒక నిమిషమో రెండు నిమిషాలో. దాహంతో గ్లాసు వైపు చూస్తున్నవాడికి మాత్రం అది వేరే కాలం.

జేమ్స్ జాయిస్, వర్జీనియా వుల్ఫ్, డొరొతీ రిచర్డ్‌సన్ లాంటివాళ్లు మనసులో ఆలోచనలు ఎలా పారతాయో అలాగే నవలలు రాశారు. చైతన్య స్రవంతి అని తెలుగులో కూడా దీనికి పేరుంది. ఆ నవలలకీ బెర్గ్‌సన్ కాలానికీ ఉన్న సంబంధాన్ని చర్చిస్తూ కుమార్ రాసిన పుస్తకం 1962లో వచ్చింది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. రెజ్యూమేకి తెలిసింది గడియారం కాలం ఒక్కటే. 2022 నుంచి 2024 అని రాస్తే అందులో ఏముందో దానికి అనవసరం. కంపెనీ పేరుంటే నిండినట్టు, లేకపోతే ఖాళీ. కానీ ఆ రెండేళ్లలో ఒకరు నాన్నకి ఆపరేషన్ అయితే ఊళ్లో కిరాణా కొట్టు చూసుకుని ఉండొచ్చు. అరువు లెక్కలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించి, ఏ సరుకు ఎప్పుడు అయిపోతుందో ముందే చెప్పగలిగి ఉండొచ్చు. ఇంకొకరు గ్రూప్స్‌కి ప్రిపేరై, ప్రిలిమ్స్ దాటి మెయిన్స్‌లో ఆగిపోయి ఉండొచ్చు. మరొకరు మూడు కోర్సులకి ఫీజు కట్టి, ఒక్కటీ పూర్తి చేయకుండా హాస్టల్‌లో రీల్స్ చూస్తూ గడిపి ఉండొచ్చు. గడియారం ప్రకారం ముగ్గురివీ అవే రెండేళ్లు. కానీ మూడూ ఒకటి కాదని మీకూ తెలుసు, కాస్త ఓపిగ్గా అడిగే ఇంటర్వ్యూయర్‌కీ తెలుసు.

కాబట్టి గ్యాప్ అంతా బంగారమే అని నేను అనడం లేదు. చక్కెర కరగాలంటే ముందు గ్లాసులో చక్కెర వేయాలి.

"ఆయన సంగతి వేరు కదా అన్నా!"

ఈ మాట మీరు అంటారని తెలుసు. నిజమే. లాహోర్‌లో మంచి కాలేజీల్లో చదివే అవకాశం, ఆ రోజుల్లోనే ఇంగ్లిష్‌లో ఎంఏ, కేంబ్రిడ్జ్. ఎంతమందికి దొరుకుతాయి? మీకేమో హాస్టల్ ఫీజు ఒకటో తారీకుకి కట్టాలి, ఊళ్లో అమ్మానాన్నలు ఫోన్ చేసిన ప్రతిసారీ "ఏమైంది నాన్నా" అని అడుగుతారు. ఆయనలా పదమూడేళ్లు ఆగమని మీకు చెప్పే హక్కు నాకు లేదు.

కానీ ఆయన నుంచి తీసుకోదగ్గది పదవి కాదు, పద్ధతి. విభజన ఆయన జీవితాన్ని రెండు ముక్కలు చేసింది. గడియారం లెక్కలో అది ఒక పెద్ద అంతరాయం. ఆయన దాన్ని దాచలేదు, వదిలేయలేదు. 1998లో 'ఎ రివర్ విత్ త్రీ బ్యాంక్స్' అనే నవల రాశారు. దాని నేపథ్యం 1947 విభజనే. యాభై ఏళ్ల తర్వాత! రెజ్యూమేలో విరామంలా కనిపించే కాలమే రచయితకి ముడిసరుకైంది. మీరు నవల రాయక్కర్లేదు. మీ రెండేళ్ల గురించి రెండు నిమిషాలు నిజాయితీగా మాట్లాడగలిగితే చాలు.

కొన్న అనుభవం ఎక్కడ దొరికిపోతుంది?

"మా రూమ్మేట్ అలాగే వెళ్లాడు, ఇప్పుడు టీమ్ లీడ్" అనేవాళ్లు ప్రతి హాస్టల్‌లోనూ ఉంటారు. అలాంటివాళ్లు లేరని నేను అనను. కానీ వెరిఫికేషన్‌లో దొరికి ఉద్యోగం పోయినవాళ్లు హాస్టల్‌కి తిరిగొచ్చి ఆ కథ చెప్పరు. అందుకే మనకి ఎప్పుడూ ఒకవైపే వినిపిస్తుంది.

పీఎఫ్ ఖాతాకి యూఏఎన్ అని ఒక నంబర్ ఉంటుంది. మీరు ఏ సంస్థలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది దాని వెనక రికార్డుగా ఉంటుంది. జీతంలో టీడీఎస్ కోస్తే అది ఆదాయపు పన్ను రికార్డుల్లోకి వెళ్తుంది. పెద్ద కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌ని బయటి ఏజెన్సీలకి అప్పగిస్తాయి. పే స్లిప్పు ప్రింట్ చేయడం తేలికే, ఈ రికార్డులన్నీ పుట్టించడం కష్టం. పైగా నకిలీ పత్రాన్ని నిజమని చూపించడం చట్టం దృష్టిలో నేరం.

ఇదంతా దాటారనుకుందాం. టెక్నికల్ రౌండ్‌లో ఒక ప్రశ్న వస్తుంది: "మీ ప్రాజెక్ట్‌లో మీకు బాగా తలనొప్పి తెప్పించిన బగ్ ఏది? దాన్ని ఎలా పట్టుకున్నారు?" పని చేసినవాడు ఇది వినగానే నవ్వుతాడు. వాడికి ఆ రాత్రి గుర్తొస్తుంది. కొనుక్కున్నవాడికి బట్టీ పట్టిన జవాబు గుర్తొస్తుంది. ఆ తేడా తెలియడానికి అర నిమిషం చాలు.

ఐదు వాక్యాలు రాయండి

ఇంటర్వ్యూకి ముందు అందరూ 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' బట్టీ పడతారు. గ్యాప్ గురించి మాత్రం ఒక్క వాక్యం కూడా రాసుకోరు. ముందు తెలుగులోనే రాయండి. ఆలోచన తెలుగులో తేలితే ఇంగ్లిష్ దానంతట అదే చిన్న చిన్న వాక్యాల్లో వస్తుంది. లాహోర్ పంజాబీ అయిన కుమార్ ఇంగ్లిష్‌లో రాస్తూనే ఫైజ్ ఉర్దూ కవితల్ని కూడా అనువదించారు. ఇంగ్లిష్ రావాలంటే మన భాష వదిలేయాలన్నది మనం పెట్టుకున్న అపోహే.

మొదటి వాక్యం: గ్యాప్ ఎందుకు వచ్చింది. ఇంట్లో అనారోగ్యమైతే ఆ ఒక్క మాట చాలు, వివరాలు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. రెండోది: ఆ రోజుల్లో మీ సమయం దేనికి పోయింది. మూడోది: చేతికొచ్చింది ఏమిటి. చూపించగలిగే ప్రాజెక్ట్, గిట్‌హబ్‌లో పెట్టిన కోడ్, ఆ కొట్టు ఎక్సెల్ షీట్, పిల్లలకి చెప్పిన ట్యూషన్, ఏదైనా సరే. నాలుగోది: అందులో నేర్చుకున్నది ఈ ఉద్యోగానికి ఎలా పనికొస్తుంది. ఐదోది: ఇంకా ఏం నేర్చుకోవాలి. ఈ ఐదోది చెప్పడానికి చాలామంది సంకోచిస్తారు. నిజానికి మిగతా నాలుగింటినీ నమ్మించేది అదే.

అలాగని ఈ పద్ధతితో ప్రతి తలుపూ తెరుచుకుంటుందని చెప్పను. కొన్ని పెద్ద కంపెనీలు అర్హత నిబంధనల్లోనే గ్యాప్‌కి పరిమితి పెడతాయి. అక్కడ మీకు మాట్లాడే అవకాశమే రాదు. అది అన్యాయమని నా ఉద్దేశం. నిజం చెప్పేవాణ్ని గేటు దగ్గరే ఆపి, అబద్ధం కొనుక్కున్నవాణ్ని లోపలికి పంపే నిబంధన వల్ల కంపెనీకైనా ఏం లాభం? హెచ్ఆర్‌లు దీని గురించి ఆలోచించాలి. అప్పటిదాకా చిన్న కంపెనీలు, రిఫరల్స్, ఇంటర్న్‌షిప్‌లు, మనిషితో మనిషి మాట్లాడే చోట్లని వెతుక్కోండి. జీతం మొదట్లో తక్కువుండొచ్చు, కానీ అక్కడ వచ్చే అనుభవ పత్రం మీద మీ పేరు నిజంగా మీదే.

ఈ రాత్రికే ఆ ఐదు వాక్యాలూ రాసి చూడండి. మూడో వాక్యం దగ్గర పెన్ను ఆగిపోతే దిగులుపడకండి. రేపు పొద్దున్నుంచి ఏం చేయాలో తెలిసింది కదా, మొదలుపెట్టండి.