మందు చేతిలోనే ఉంది, వెదకాల్సింది మోతాదు

ఆదోని, ఎమ్మిగనూరు పక్క ఏ ఇంట్లో థైరాయిడ్ మాట వచ్చినా తీర్పు ఒకటే. "ఆ మాత్ర మొదలుపెట్టద్దమ్మా, అలవాటైపోతాది. మొదలుపెట్టినామంటే కాటికి పోయేదంకా మింగాల్సిందే." బస్సులో పక్కన కూర్చున్న అవ్వ ఈ మాట చెబుతుంది, పెళ్ళిలో ఎదురైన పిన్నమ్మ చెబుతుంది, చదువుకున్న కొడుకూ ఇదే చెబుతాడు. కాదని మాత్ర మొదలుపెట్టినవాళ్ళు కూడా మూడు నెలలు తిరక్కముందే "ఈ మందు నాకు పడలేదు" అని ఇంకో కంపెనీ డబ్బా, ఇంకో డాక్టరు, ఇంకో పొడి వెతుక్కుంటూ పోతారు.

మాత్ర అలవాటవుతుందన్నది తప్పు. సరైన మందు ఇంకెక్కడో ఉందన్నదీ తప్పు. మందు చేతిలోనే ఉంది. దొరకాల్సింది సరైన మోతాదు, సరైన వేళ. ఈ సంగతి తెలియక ఏళ్ళ తరబడి ఒళ్ళు ఈడ్చుకుంటూ బతుకుతున్నది ఎక్కువగా మన ఆడవాళ్ళే కాబట్టి గట్టిగా చెప్పక తప్పదు.

మొదట అలవాటు సంగతి. సారాయి అలవాటవుతుంది, పొగాకు అలవాటవుతుంది. అవి ఒంటికి అక్కర్లేనివి. లోపలికి పోయి తమ అవసరాన్ని తామే పుట్టించుకుంటాయి. థైరాక్సిన్ అట్లాంటిది కాదు. పుట్టినప్పటి నుంచి గొంతు దగ్గరి గ్రంథి తయారుచేస్తూ వచ్చిన హార్మోను అది. గుండె వేగం, ఒంటి వేడి, పేగుల కదలిక, నెలసరి, అన్నిటికీ దాని అవసరం ఉంది. గ్రంథి చేతులెత్తేసినప్పుడు ఆ లోటును మాత్రతో పూడుస్తాం. మాత్రలో ఉండే లెవోథైరాక్సిన్, గ్రంథి చేసే థైరాక్సిన్ ఒకే హార్మోను. ఆదోనిలో కొళాయి రాని వీధికి ట్యాంకరు వస్తే, ఆ వీధికి ట్యాంకరు అలవాటైందని ఎవరైనా అంటారా? నీళ్ళు లేవు కాబట్టి ట్యాంకరు వచ్చింది. దాన్ని వెనక్కి పంపినంత మాత్రాన కొళాయి రాదు.

"ఇంగ్లీషు మందు వేడి చేస్తాది, నాటు మందే మేలు" అనేవాళ్ళు ఈ మందు పుట్టుక తెలుసుకోవాలి. 1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జార్జ్ ముర్రే అనే డాక్టరు, థైరాయిడ్ పూర్తిగా మందగించిన 46 ఏళ్ళ స్త్రీకి గొర్రె గ్రంథి నుంచి తీసిన రసం సూదితో ఎక్కించాడు. ఆమె కోలుకుంది. ఆ రసంతోనే ఇంకో 28 ఏళ్ళు బతికి 1919లో కన్నుమూసింది. ఆ ఒక్క మనిషి కోసం సుమారు 870 గొర్రెల గ్రంథులు వాడారు. మన పడమటి మండలాల్లో కురువల మందలు చూసినవాళ్ళకు 870 గొర్రెలంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. 1914 డిసెంబరు 25న అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ ఆ హార్మోనును విడదీశాడు. 1920ల్లో చార్లెస్ హారింగ్టన్ దాని నిర్మాణం తేల్చి ప్రయోగశాలలో తయారుచేశాడు. గొర్రె గ్రంథి రసంలో హార్మోను ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ. మాత్రలో ఎంతుందో డబ్బా మీద రాసి ఉంటుంది. శాస్త్రం మనకు ఇచ్చింది ఆ కొలత. మనం పారేసుకుంటున్నదీ ఆ కొలతనే.

ఆ కొలత ఎంత చిన్నదో చూడండి. మనవాళ్ళు "యాభై పవర్", "డెబ్బై అయిదు పవర్" అంటారే, ఆ అంకెలు మైక్రోగ్రాములు. గ్రాములో పది లక్షో వంతు ఒక మైక్రోగ్రాము. రోజుకు 100 చొప్పున 40 ఏళ్ళు మింగినా మొత్తం కలిపి ఒకటిన్నర గ్రాముకు మించదు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి తూకంలో కిలో తేడా వస్తే రైతు ఊరుకోడు. ఇక్కడ 25 మైక్రోగ్రాముల తేడాకే మనిషి ఒళ్ళు మాట వినదు. తక్కువైతే నీరసం, మలబద్ధకం, జుట్టు రాలడం, ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకోవాలనిపించడం. ఎక్కువైతే గుండెదడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. ఏళ్ళ తరబడి ఎక్కువైతే ఎముకలు గుల్లబారతాయి, వయసు మళ్ళినవాళ్ళలో గుండె లయ తప్పుతుంది. గ్రంథి పూర్తిగా పనిచేయని పెద్దవాళ్ళకు సాధారణంగా కిలో బరువుకు 1.6 మైక్రోగ్రాములు కావాలి. అంటే 60 కిలోల మనిషికి 100కు కాస్త అటూ ఇటూ. గుండెజబ్బున్న ముసలాయనకైతే 12.5తోనో 25తోనో మొదలుపెట్టి నిదానంగా పెంచాలి. పక్కింటామెకు పనిచేసిన డబ్బా మీకు పనిచేయకపోవడానికి కారణం ఇదే. డబ్బా మీద థైరోనార్మ్ అని ఉన్నా, ఎల్ట్రాక్సిన్ అని ఉన్నా లోపలిది లెవోథైరాక్సినే.

ఇక "పడలేదు" అనే మాట. మా పెద్దమ్మ కూతురు ఆదోనిలో మిషన్ కుడుతుంది. యాభై పవర్ మాత్ర రోజూ తప్పకుండా వేసుకున్నా రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగించేకొద్దీ పెరిగే అంకె) 14 దగ్గర నుంచి దిగలేదు. మందు పడలేదని ఎవరో ఒక పొడి ఇప్పించారు. రెండు నెలలు దానికి డబ్బు పోసింది. చివరికి ఒక డాక్టరమ్మ మందు సంగతి పక్కన పెట్టి ఒకే ప్రశ్న అడిగింది. "మాత్ర ఎప్పుడేసుకుంటావమ్మా?"

"పొద్దున్నే మేడమ్, టీతో పాటే. రక్తం తక్కువుందని ఇచ్చిన మాత్ర కూడా అప్పుడే ఏసుకుంటా, మర్చిపోకుండా."

గుట్టంతా అక్కడే ఉంది. రక్తం మాత్రలోని ఇనుము, కాల్షియం మాత్ర, ఈ రెండూ థైరాయిడ్ మాత్రను పేగులోనే పట్టేసుకుంటాయి. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. టీ, కాఫీ, టిఫిన్‌కు కనీసం అరగంట, వీలైతే గంట ముందు పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర కూడా దీన్ని సరిగా ఒంటికి పట్టనివ్వదు. అక్క మాత్ర మార్చలేదు, పవర్ పెంచలేదు. వేళ మార్చింది, రక్తం మాత్రను సాయంత్రానికి జరిపింది, పొయ్యి పక్క గూట్లో ఉండే డబ్బాను వేడి తగలని చోట పెట్టింది. ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ 3.2. ఎమ్మిగనూరు నేతపనివాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పోగులు తెగుతున్నాయంటే ముందు పడుగు బిగింపు చూస్తారు గానీ, మంచి నూలును పారేయరు.

తొందరపాటు ఇంకో తప్పు. మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు గాని టీఎస్‌హెచ్ నిలకడకు రాదు. పదిహేను రోజులకే "గుణం కనపడలేదు" అని మానేసేవాళ్ళు మందును పరీక్షించనే లేదు. మానేసినవాళ్ళు మరో మాట చెబుతారు. "పది రోజులు మానేసినా, ఏం కాలేదు. అంటే నాకు అక్కర్లేదు." ఈ హార్మోను ఒంట్లో సగానికి తగ్గడానికే ఏడు రోజులు పడుతుంది. పది రోజులు మీరు బతికింది పాత నిల్వ మీద. నిల్వ అయిపోయాక వచ్చే నీరసానికి మాత్ర మానేయడమే కారణమని అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

మన పడమటి పల్లెల్లో ఈ చిక్కు ఇంకా పెద్దది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల నుంచి ఏటా ఇంటికి తాళం వేసి మిరపకోతలకు గుంటూరు దిక్కుకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతారు. మూటలో బియ్యం, చెంబు, దుప్పటి ఉంటాయి. మాత్రల డబ్బా ఉండదు. ఉన్నా నెలకే అయిపోతుంది. అక్కడ ఏ షాపులో ఏ పవర్ అడగాలో ఆ తల్లికి తెలియదు. తిరిగొచ్చాక చేసిన పరీక్షలో టీఎస్‌హెచ్ పెరిగి ఉంటే అప్పుడూ నింద మందు మీదనే.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది కడుపుతో ఉన్న ఆడపిల్లల సంగతి. "కడుపులో బిడ్డకు మందులు మంచివి కావు" అని అత్తగారో అమ్మో ఈ మాత్ర మాన్పిస్తారు. మొదటి మూడు నెలలు బిడ్డకు సొంత హార్మోను ఉండదు. ఆ పసి మెదడు ఎదగడానికి కావలసిన థైరాక్సిన్ అంతా తల్లి నుంచే రావాలి. ఆ సమయంలో మాత్ర మానడం కాదు, మోతాదు పావు వంతు నుంచి మూడో వంతు వరకు పెంచాల్సి వస్తుంది, నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ చూడాల్సి ఉంటుంది. పిల్లలు పుట్టలేదని, కడుపు నిలవలేదని కోడలిని ఆడిపోసుకునే ఇళ్ళలో, థైరాయిడ్ కారణమేమో చూద్దామని ఒక్క రక్తపరీక్ష చేయించాలని ఎవరికీ తోచదు.

నా మాటకు ఎదురు చెప్పేవాళ్ళ దగ్గరా నిజం ఉంది, దాన్ని దాచను. టీఎస్‌హెచ్ కాస్త పెరిగిన ప్రతి ఒక్కరికీ జీవితాంతం మాత్ర రాసెయ్యడం తప్పే. పదికి లోపు ఉంటే, ముఖ్యంగా వయసు మళ్ళినవాళ్ళలో, రెండు మూడు నెలలాగి మళ్ళీ పరీక్ష చేయాలి. 65 ఏళ్ళు దాటి టీఎస్‌హెచ్ కొద్దిగానే పెరిగిన 737 మంది మీద ఐరోపాలో చేసిన పెద్ద అధ్యయనం 2017లో వెలువడింది. మాత్ర వల్ల వాళ్ళ నీరసంలో, లక్షణాల్లో చెప్పుకోదగ్గ మేలు కనపడలేదు. ఇది మందు వద్దనడానికి ఆధారం కాదు, ఎవరికి ఇవ్వాలో కొలిచి ఇవ్వమనడానికి ఆధారం. టీఎస్‌హెచ్ చక్కగా ఉన్నా నీరసం పోనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళ బాధ అబద్ధం కాదు. ముందు రక్తహీనత, బి12, షుగరు చూడాలి. అవన్నీ సరిగా ఉన్నా తగ్గకపోతే టీ3 అనే రెండో హార్మోను కలిపి ఇచ్చే సంగతి హార్మోన్ల డాక్టరే ఆలోచించాలి, షాపులో అడిగి కొనుక్కునేది కాదు. మాత్ర మారితే తేడా రావచ్చన్నదీ నిజమే. 2017లో ఫ్రాన్స్‌లో ఒక కంపెనీ మాత్రలో హార్మోనును కాక మిగతా దినుసులను మార్చితేనే వేలమంది ఇబ్బంది పడ్డామని ఫిర్యాదు చేశారు. అందుకే దొరికిన డబ్బాకల్లా మారకుండా ఒకే కంపెనీది వాడాలి. మార్చక తప్పకపోతే ఆరు వారాలకు మళ్ళీ పరీక్ష చేయించాలి.

"ఇదంతా కంపెనీల వ్యాపారం" అనేవాళ్ళకు ఒకే జవాబు. ఈ మాత్ర మన దేశ అత్యవసర మందుల జాబితాలో ఉంది, దాని ధర మీద ప్రభుత్వ అదుపు ఉంది. రోజు మాత్రకు అయ్యే ఖర్చు హోటల్లో తాగే ఒక టీ ధర కూడా కాదు. మన జేబులు ఖాళీ చేస్తున్నవి పొడులు, అక్కర్లేని తిరుగుళ్ళు.

హైదరాబాదుతో కలిపి ఎనిమిది నగరాల్లో 5,376 మందిని పరీక్షించిన అధ్యయనం 2013లో వచ్చింది. నూటికి దాదాపు 11 మందిలో థైరాయిడ్ మందగించి ఉంది. అది నగరాల లెక్క, మన పల్లెలు అందులో లేవు. ఆ పల్లెల్లో జరగాల్సినవి ఇవి. సుగ్గికి పోయే ముందు మూడు నెలల మాత్రలు, పవర్ రాసిన చీటీ ఊళ్ళోనే చేతికి ఇవ్వాలి. రక్తం మాత్రలిచ్చే ఆశా కార్యకర్త "థైరాయిడ్ మాత్ర ఎప్పుడేసుకుంటున్నావు?" అని అడగాలి. కడుపుతో ఉన్న ప్రతి అమ్మాయికి మొదటి పరీక్షల్లోనే టీఎస్‌హెచ్ చేయాలి. వీటికి పెద్ద ఆసుపత్రులు అక్కర్లేదు.

ఇంట్లోవాళ్ళు చేయాల్సిందీ ఉంది. పొద్దున్నే లేచి అందరికీ టీ పెట్టే మనిషికి ఒట్టి కడుపున అరగంట ఆగే తీరిక ఎవరిస్తారు? రేపు పొద్దున మీ ఇంట్లో ఆ డబ్బా మూత తీసేది ఎవరో చూడండి. గ్లాసు నీళ్ళు మీరు అందించండి. ఆ ఒక్క పూట టీ మీరు పెట్టండి, ఆమె కప్పు అరగంట తర్వాత ఇవ్వండి.