అంగడికి సొంత గుమ్మం

కొత్తగా చిన్న వ్యాపారం మొదలుపెట్టినవారు ఎవరైనా సలహా అడిగితే నేను మొదట చెప్పే మాట ఒక్కటే. కొట్టు ముందు బోర్డు పెట్టిన వారంలోనే మీ పేరుతో ఒక వెబ్‌సైటు కట్టుకోండి. వీలైతే మీ చేతులతోనే కట్టుకోండి. దీనికి సాధారణంగా వచ్చే జవాబు: "ఈ రోజుల్లో సైట్లు ఎవరు చూస్తున్నారండీ? వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఉన్నాయిగా!" ఆ జవాబులో సగం నిజం ఉంది. మిగతా సగం గురించే ఈ నాలుగు మాటలు.

నిజమైన సగాన్ని ముందుగా ఒప్పుకుందాం. కొనేవారున్న చోటికి అమ్మేవారు వెళ్ళక తప్పదు. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ నేటి సంతలు. అయితే సంతలో గంప దించుకున్న చోటు మనది కాదు. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, కేవలం అక్కడే పేరు సంపాదించుకున్నవారి పేరు కూడా దానితోపాటే పోయింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ కలిసి దాదాపు ఆరు గంటలు పడుకున్నాయి. అంతకన్నా తగిన ఉదాహరణ మరొకటుంది. చిన్న దుకాణాలవారికి గూగుల్ ఉచితంగా కట్టి ఇచ్చిన సైట్లను 2024 మార్చిలో గూగులే మూసివేసింది. వీటిలో ఎవరి దుర్మార్గమూ లేదు. ఇంటివారు ఖాళీ చేయమన్నారు, అంతే.

నేనూ ఉచిత వసతిలో రాసుకుంటున్నవాణ్ణే కదా అని మీరు అనవచ్చు. కబుర్లు చెప్పుకోవడానికి అద్దె అరుగు చాలు. పది కుటుంబాల భోజనం ఆధారపడిన అంగడికి చాలదు.

సొంతం అన్న మాటలోనూ ఒక మెలిక ఉంది. మా బంధువుల్లో ఒకావిడ గుంటూరు దగ్గర పచ్చళ్ళ వ్యాపారం మొదలుపెట్టింది. సైటు కట్టే పని ఒకరికి అప్పగించింది. అతను చక్కగానే కట్టాడు, కానీ డొమైను పేరును తన పేరున, తన ఈమెయిలుతో నమోదు చేసుకున్నాడు. రెండేళ్ళ తరువాత అతను ఊరు మారాడు, ఫోను ఎత్తడం మానేశాడు. ఏటా కట్టవలసిన రుసుము కట్టేవారు లేక గడువు తీరింది. ఆ పేరును మరెవరో కొనుక్కున్నారు. అప్పటికి రెండు వేల సీసాల చీటీల మీద అదే పేరు అచ్చయి ఉంది. ఆ చీటీ చూసి సైటుకు వెళ్ళినవారికి ఆవకాయకు బదులు ఏదో జూదం పుట కనిపించింది. ఆవిడకు పోయింది సైటు కాదు, మూడు వేసవులు కష్టపడి సంపాదించుకున్న పేరు.

అందుచేత మొదటి సూత్రం: పని ఎవరు చేసినా డొమైను మీ పేరున, మీ ఈమెయిలుతో, మీ ఫోను నంబరుతో నమోదు కావాలి. సంకేతపదం మీ దగ్గర ఉండాలి. చెల్లింపు గడువును పాలవాడి లెక్క రాసుకునే క్యాలెండరు మీదే రాసిపెట్టుకోవాలి. ఫోనులో ఒక్కసారి చెబితే అవతలివారు తప్పులేకుండా రాసుకోగలిగేంత పొట్టి పేరు ఎంచుకోవాలి.

ఇక కట్టడం. కొత్త అంగడికి నాలుగు పుటలు చాలు: ఏం అమ్ముతారు, ధర ఎంత, మీరెవరు, మిమ్మల్ని ఎలా కలుసుకోవాలి. సైటుకు కావలసిన భద్రతా పత్రాన్ని లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 చివరినుంచి ఉచితంగా ఇస్తోంది. మండలి, గిడుగు, సురవరం, ధూర్జటి వంటి తెలుగు ఖతులు ఉచితంగా దొరుకుతున్నాయి. డబ్బు వసూలు చేసే యంత్రాంగాన్ని మాత్రం సొంతంగా తయారు చేయబోకండి. మొదట్లో ఒక ఫోను నంబరు, ఒక యూపీఐ చిత్రం సరిపోతాయి.

మీ చేతులతోనే అని ఎందుకంటున్నానంటే, ఖర్చు మిగులుతుందని కాదు. అద్దెకు రాసేవాడు "నాణ్యతే మా ధ్యేయం, మీ సంతృప్తే మా లక్ష్యం" అని రాసిపోతాడు. ఆ వాక్యం సిమెంటు కొట్టుకూ సరిపోతుంది, స్వీట్ల కొట్టుకూ సరిపోతుంది. మీరే కూర్చుంటే ఏ నూనె వాడుతున్నారో, కారం ఎక్కడ ఆడిస్తున్నారో, సీసా తెరిచాక ఎన్నాళ్ళు నిలువ ఉంటుందో, పగిలిన సీసాకు బాధ్యత ఎవరిదో రాయవలసి వస్తుంది. రాయలేకపోయిన ప్రతిచోటా, వ్యాపారంలో మీరింకా తేల్చుకోని విషయం ఒకటుందని అర్థం. తినే వస్తువులైతే ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు కూడా అక్కడ ఉండాలి. జాలంలో నేరుగా అమ్మే సంస్థ తన పేరు, చిరునామా, ఫిర్యాదులు వినే అధికారి వివరాలు చూపాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఎంత మెరిసే ఇన్‌స్టాగ్రామ్ బొమ్మకన్నా ఈ పొడి వివరాలే కొత్తవారికి ధైర్యమిస్తాయి.

భాష సంగతి. తెలుగువారికి అమ్మే అంగడి తెలుగులో ఎందుకు మాట్లాడదో నాకు బోధపడదు. గోంగూర, కందిపొడి, నల్లకారం అని తెలుగులో రాయండి, పక్కన ఇంగ్లీషూ ఉంచండి. రాసింది మాత్రం అక్షరాలుగా ఉండాలి, బొమ్మగా కాదు. ఎవరైనా "కరివేపాకు పొడి" అని తెలుగులో వెతికినప్పుడు వెతుకుడు యంత్రానికి దొరికేది ఆ అక్షరాలే.

సైటు కట్టగానే బేరాలు వచ్చిపడతాయని నేను చెప్పను. ఏడాదిపాటు ఎవరూ తొంగిచూడకపోవచ్చు. సైటు సంత కాదు, చిరునామా. సంతలో కలిసినవారు రేపు వెతుక్కుంటూ వచ్చినప్పుడు అక్కడొక గుమ్మం ఉండాలి.

తెలుగులో టైపు చేయడం, టెంప్లేటు విప్పి మళ్ళీ బిగించడం మనలో చాలామందికి ఏనాడో అబ్బిన విద్యలు. మన వీధిలో కొత్తగా తెరిచిన ఒక్క దుకాణానికి ఒక్క ఆదివారం ఇవ్వలేమా? ఇప్పటికే సైటు ఉందని వారంటే సంతోషం. అయితే వచ్చేముందు ఒక్కమాట అడగండి: ఆ డొమైను ఎవరి పేరున ఉంది?