అన్నము మాత్రమే చాలునా?

దిక్కులేని పిల్లలను చేరదీసి పోషించుట గొప్ప పుణ్యకార్యమని యెల్లరు నొప్పుకొందురు. మనవంటి పాఠశాలలలో ఇండ్లనుండి వచ్చు పిల్లలును, బోర్డింగులనుండి వచ్చు పిల్లలును, బాలల శరణాలయములనుండి వచ్చు పిల్లలును ఒకే బల్లమీద కూర్చుండి చదువుకొందురు. కావున ఈ విషయము మనకు దూరమైనది కాదు. శరణాలయములను గూర్చి లోకులు సాధారణముగా మూడు ప్రశ్నలు వేయుదురు. పిల్లలకు కడుపునిండ అన్నము పెట్టుచున్నారా? బట్టలిచ్చుచున్నారా? బడికి పంపుచున్నారా? ఈ మూడింటికిని ‘అవును’ అను జవాబు వచ్చినచో తృప్తిపడి యింటికి పోవుదురు. ఈ తృప్తి చాలదనియు, నాలుగవ ప్రశ్న యొకటి కలదనియు, అదియే అన్నిటికంటె ముఖ్యమనియు నా అభిప్రాయము. ఆ ప్రశ్న యిది: ఈ బిడ్డను తన బిడ్డగా నెరిగిన పెద్దవారు ఆ యింట ఒక్కరైన నున్నారా?

శరణాలయములో దినచర్య యెట్లుండునో మొదట చూతము. తెల్లవారుజామున గంట మ్రోగును. పిల్లలు చాపలు చుట్టి, దుప్పట్లు మడిచి, కుళాయియొద్ద వరుసగా నిలుతురు. పెద్దపిల్లలు చిన్నవారికి తలదువ్వి జడలు వేయుదురు. పిమ్మట ప్రార్థన, ఫలహారము, బడి. సాయంకాలమున ఆట, తోటపని, చదువు. రాత్రి అన్నము, పప్పు, చారు, తరువాత దీపములార్పుట. ఏబదిమంది పిల్లలకు ఇద్దరు ముగ్గురు పెద్దవారు మాత్రమే యున్నచోట గంట లేనిదే పని సాగదు. కావున నేను గంటను నిందింపను. రేపు తిండి దొరకునో దొరకదో యని భయపడుచు పెరిగిన బిడ్డకు, వేళ తప్పక మ్రోగు భోజనపు గంట గొప్ప ధైర్యము నిచ్చును.

అయితే గంట చేయలేని పనులు కొన్ని కలవు. రాత్రి పీడకల వచ్చి లేచిన బిడ్డ ప్రక్కన కూర్చుండుట గంటవలన కాదు. ప్రక్క తడిపిన పిల్లవానిని నలుగురిలో సిగ్గుపరచక బట్ట మార్చుట గంటకు తెలియదు. ఒకడు చీకటికి జడియుననియు, ఒకతె కోపము వచ్చినపుడు అన్నము మానుననియు, ఇంకొకడు ఒంట్లో బాగులేకున్నను నోరు విప్పి చెప్పడనియు ఎవరో ఒకరు కనిపెట్టి యుండవలెను. ఇండ్లలో తల్లులకు ఇవి యెవరును చెప్పకయే తెలియును. శరణాలయములో నైతే ఒకరు పూనుకొని తెలిసికొన్నగాని తెలియవు.

ఇది కేవలము మెత్తని మనస్సు పలికించు మాట కాదు. 1951లో జాన్ బౌల్బీ అను ఆంగ్ల వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరికపై ఒక నివేదిక వ్రాసి, శిశువునకు తల్లితోగాని, తల్లివలె నిలకడగా నుండు మఱియొకరితోగాని ఆప్తబంధము ఆహారమువలెనే అవసరమని చూపెను. రుమేనియా దేశమున 1989లో ప్రభుత్వము కూలిపోయిన తరువాత, అక్కడి శరణాలయములలో లక్షకు పైగా పిల్లలుండుట లోకమునకు తెలియవచ్చెను. 2000 సంవత్సరమున మొదలిడి, బుకారెస్టు నగరములో పండితులు 136 మంది పసిబిడ్డలను పరిశీలించిరి. చీట్లు వేసినట్లు వారిని రెండు భాగములు చేసి, సగముమందిని పెంపుడు కుటుంబములకు అప్పగించిరి. తక్కినవారు శరణాలయముల సంరక్షణలోనే యుండిరి. కుటుంబములకు పోయిన పిల్లలు బుద్ధివికాసమున రెండవవారిని మించిరి. రెండేండ్లు నిండకముందే కుటుంబమును చేరినవారికి మేలు మఱింత హెచ్చుగా కనబడెను. బిడ్డ మెదడు సహితము ఆప్యాయతచేతనే పెరుగునని దీనివలన మనము గ్రహింపవలెను.

ఈ సంగతిని కొందరు దయాళువులు శాస్త్రజ్ఞులకంటె ముందే అనుభవముచే నెరిగిరి. లండనులో దిక్కులేని పిల్లలను చేరదీసిన డాక్టరు బర్నార్డో మొదట బాలికల నందరిని ఒకే పెద్ద యింట నుంచి చూచి, అది మంచిది కాదని తలంచి, 1876లో బార్కింగ్‌సైడులో చిన్న చిన్న యిండ్లతో ఒక గ్రామమును నెలకొల్పెను. ప్రతి యింటికిని ఒక ‘తల్లి’ యుండెను. 1949లో ఆస్ట్రియా దేశమున ఇమ్‌స్ట్ అను పట్టణమునందు హెర్మన్ గ్మైనర్ ఇట్టి ఏర్పాటునే తలపెట్టెను. ఆయన నాటిన యెస్‌.ఓ.ఎస్‌. బాలగ్రామములు తరువాత మన విశాఖపట్టణము వరకు వ్యాపించినవి.

అయినను సదుద్దేశము మాత్రమే చాలదని చెప్పుటకును ఆ దేశ చరిత్రయే సాక్షి. బర్నార్డో సంస్థతో గూడ పెక్కు బ్రిటిషు సంస్థలు వేలకొలది పిల్లలను ఓడలమీద దూరదేశములకు పంపినవి. వారిలో అనేకులకు స్వదేశమున తల్లియో తండ్రియో జీవించి యుండిరి. ఇందులకై 2010లో బ్రిటిషు ప్రధానమంత్రి గార్డన్ బ్రౌన్ బహిరంగముగా క్షమాపణ చెప్పవలసి వచ్చెను. పిల్లలకు మేలు చేయబూనినవారు, పిల్లల మనస్సును వారి కన్నవారి మనస్సును అడుగక చేసిన మేలు ఎట్లు కీడుగా మారునో చూడుడు.

మన దేశమున కూడ శరణాలయములలోని పిల్లలందరు తలిదండ్రులు లేనివారు కారు. పెక్కుమందికి తల్లియో, తండ్రియో, అవ్వయో కలరు. తండ్రి గతించి తల్లి కూలికి పోవుటవలననో, వలసపోవుటవలననో, అప్పులవలననో బిడ్డను పోషింపలేక విడిచినవారే అనేకులు. ‘అనాథ’ యని మనము సులువుగా పలుకు మాట ఇట్టి బిడ్డ చెవికి ములుకువలె తగులును. వాని తల్లి వానికి కలదు. ఆమె చేత డబ్బు లేదు, అంతియే. 2015 సంవత్సరపు బాలల న్యాయచట్టము బిడ్డను సంస్థలో నుంచుట కట్టకడపటి మార్గమని చెప్పుచున్నది. ప్రతి బిడ్డకును వేరువేరుగా సంరక్షణ ప్రణాళిక వ్రాయవలెననియు నిర్ణయించినది. 2022 నాటి మిషన్ వాత్సల్య నిబంధనలలో, అర్హతగల బిడ్డను ఇంటనే పెంచుకొనుటకు నెలకు 4,000 రూపాయల సహాయము నిర్ణయింపబడినది. ఈ సంగతి యెరుగని పేదతల్లి మన యిరుగుపొరుగున నుండినచో ఆమెకు తెలుపుట, వంద పొట్లముల పులిహోర పంచుటకంటె ఎక్కువ మేలు.

ఇక దాతలకు ఒక మాట. పుట్టినరోజునాడు కేకును మిఠాయిలను తీసికొని శరణాలయమునకు పోవుట నేడు వాడుకయైనది. ఉద్దేశము మంచిదే. కాని పిల్లలను వరుసగా నిలువబెట్టి, పాట పాడించి, చేతులు జోడింపించి, ఛాయాచిత్రములు తీసి, మఱల ఆ గడప త్రొక్కక పోవుటవలన బిడ్డ నేర్చుకొనునది యేమి? ఆప్యాయత యనునది ఒక గంటసేపు వచ్చి పోవునదని నేర్చుకొనును. అట్టి పిల్లల గుర్తు తెలియునట్లు పేరుగాని చిత్రముగాని ప్రకటించుటను పైని చెప్పిన చట్టములోని 74వ విభాగము నిషేధించుచున్నది. చట్టము సంగతి యటుండనిండు. మన బిడ్డల పేదరికమును ఎవరైన చిత్రము తీసి ఊరంతయు చూపినచో మనము సహింతుమా? సంవత్సరమునకొక విందు పెట్టువానికంటె, వారమునకొక దినము వచ్చి లెక్కలు చెప్పి, ‘పోయినవారము నీకు దగ్గుగా నుండెను, తగ్గినదా?’ యని యడుగువాడు గొప్ప దాత.

ఏబదిమందికి ఒక వార్డెను తల్లి యెట్లు కాగలదని కొందరడుగవచ్చును. కాలేడు, నిజమే. ఏబదిమందికి ఒకరు తల్లి కాలేరు కనుకనే ఎనమండుగురు పదిమంది పిల్లల కొకరుగా పంచవలెననియు, ఆ పెద్దవారిని ఏటేట మార్చరాదనియు నేను చెప్పునది. దీనికి డబ్బు కావలెను. కాని డబ్బు లేకయే కాగల పనులును కలవు. ప్రతి బిడ్డకును తన పేరు వ్రాసిన కంచము, తాళముగల చిన్న పెట్టె, తనదనుకొనుటకు ఒక గోడమేకు ఉండవచ్చును. పుట్టినదినము తెలిసినచో ఆనాడు వాని పేరెత్తి పలుకరింపవచ్చును. వాని అవ్వకు నెలకొక ఉత్తరము వ్రాయింపవచ్చును. ‘నీ కేది యిష్టము?’ అని యడుగుటకు ఏ నిధియు అక్కరలేదు.

పదునెనిమిదేండ్లు నిండిన పిల్లలను మఱువరాదు. ఇంటి పిల్లవాడు ఆ యేట కాలేజీలో చేరి, సెలవులకు ఇల్లు చేరును. శరణాలయపు పిల్లవాడు ఆ యేటనే పెట్టె సర్దుకొని వెలికి పోవలెను. ఇరువదియొక్క యేండ్లవరకు సహాయము చేయుటకు చట్టమున అవకాశము కలదు. కాని పండుగనాడు ఎవరి యింటికి పోవలెనో చట్టము చెప్పలేదు. పాత విద్యార్థులు పూనుకొన్నచో ఆ లోటు కొంత తీరును.

ప్రియ విద్యార్థులారా! మీ తరగతిలో శరణాలయమునుండి వచ్చు సహపాఠి యున్నయెడల వానిపై జాలి చూపకుడు, స్నేహము చూపుడు. వానికి మీ పాతబట్టలకంటె మీ ఆటలో చోటు ముఖ్యము. తలిదండ్రులారా! మీ బిడ్డ వానిని ఇంటికి పిలిచికొని రాదలచినపుడు వార్డెను అనుమతితో పిలువనిండు, మీ బిడ్డ ప్రక్కనే కంచము పెట్టుడు. శరణాలయములను నడుపు పెద్దలారా! మీ లెక్కల పుస్తకమున బియ్యము, పప్పు, బట్టలు వ్రాయు పుటల తరువాత ఇంకొక పుట చేర్చుడు. అందు ప్రతి బిడ్డ పేరునకు ఎదురుగా, ఆ బిడ్డ కష్టము వచ్చినపుడు మొదట ఎవరియొద్దకు పరుగెత్తునో ఆ మనిషి పేరు వ్రాయుడు. ఎవరి పేరునకెదురుగ నైనను చోటు ఖాళీగా నున్నచో, ఆ బిడ్డ యింకను ఆకలితో నున్నట్లే యెంచుడు.